ఇంజక్షన్‌తో మత్తుమందు తీసుకునేవారు హాని తగ్గింపు సేవలను ఎలా అందుకోవాలి

మీరు మత్తుమందును సూదితో ఎక్కించుకుంటున్నట్లయితే, మానాలని ఇంకా నిర్ణయించుకోకపోయినా, ఇప్పటికే పలుమార్లు మానేసి మళ్లీ మొదలుపెట్టినా, ప్రభుత్వ ఖర్చుతో నడిచే కొన్ని సేవలు మీకు ఈ రోజు నుంచే అందుతాయి. కొత్త సూదులు, సిరంజిలు, పుండ్లకు కట్టు, హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షలు, వాటికి చికిత్స, సూది అవసరాన్నే తప్పించే నాలుక కింది మాత్ర, ఇవన్నీ కలిపి హాని తగ్గింపు సేవలు. ముందు మానేసి తర్వాత రమ్మని ఇక్కడ ఎవరూ షరతు పెట్టకూడదు. మానడానికి ఒకరికి ఆరు నెలలు పడుతుంది, మరొకరికి ఆరేళ్లు పడుతుంది. ఆలోగా ఒక్క వాడిన సూదితో వచ్చిన వైరస్ జీవితాంతం ఉండిపోవచ్చు కనుక, మానే రోజు కోసం ఎదురుచూడకుండా రక్షణను ముందే మొదలుపెట్టమని ఈ వ్యాసం మిమ్మల్ని కోరుతోంది.

ఇది ఎక్కడో ఈశాన్య రాష్ట్రాల సమస్య అని మన దగ్గర చాలామంది అనుకుంటారు. ఈ సేవలు మన దేశంలో ముందుగా వేళ్లూనింది మణిపూర్‌లోనే అన్న మాట నిజమే, ఆ రాష్ట్ర ప్రభుత్వం 1996లోనే తన ఎయిడ్స్ విధానంలో వీటికి చోటిచ్చింది. కానీ కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ నిర్వహించి 2019లో వెలువరించిన సర్వే ప్రకారం దేశంలో సూదితో మత్తుమందు తీసుకునేవారు దాదాపు 8.5 లక్షల మంది, వారి సంఖ్య ఎక్కువగా ఉన్న రాష్ట్రాల జాబితాలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, అంటే నాకో, 2014–15లో జరిపిన సర్వేలో ఈ వర్గంలో నూటికి దాదాపు పది మందికి హెచ్‌ఐవీ ఉన్నట్లు తేలింది. అదే కాలంలో సాధారణ జనాభాలో వెయ్యికి ఇద్దరు ముగ్గురికి మించి లేదు. ఈ తేడాకు ముఖ్య కారణం ఒకే సూదిని, ఒకే సిరంజిని ఇద్దరు ముగ్గురు వాడుకోవడం.

మొదటి అడుగు: కేంద్రాన్ని వెతుక్కోవడం

నాకో నిధులతో, రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థల పర్యవేక్షణలో, స్వచ్ఛంద సంస్థలు నడిపే కార్యక్రమాన్ని టార్గెటెడ్ ఇంటర్వెన్షన్ అంటారు, అక్కడి సిబ్బంది దాన్ని క్లుప్తంగా టీఐ అంటారు. మీ ఊళ్లో లేదా దగ్గరి పట్టణంలో అలాంటి కేంద్రం ఉందో లేదో తెలుసుకోవడానికి 1097 నంబరుకు ఫోన్ చేయండి. ఇది హెచ్‌ఐవీ, ఎయిడ్స్ సమాచారం కోసం ప్రభుత్వం నడిపే ఉచిత హెల్ప్‌లైన్. "ఇంజక్షన్ తీసుకునేవారి టీఐ కేంద్రం, ఓఎస్‌టీ కేంద్రం దగ్గరలో ఎక్కడున్నాయి?" అని స్పష్టంగా అడగండి (ఓఎస్‌టీ అంటే మత్తుమందుకు బదులు ప్రత్యామ్నాయ మందు ఇచ్చే చికిత్స). ఎందుకంటే టీఐలు వేర్వేరు వర్గాల కోసం వేర్వేరుగా ఉంటాయి, వాటిలో సూదులు ఇచ్చే కేంద్రాలు తక్కువ. మత్తు విముక్తి చికిత్స గురించి అడగడానికి సామాజిక న్యాయ శాఖ వారి 14446 వేరుగా ఉంది. మాదకద్రవ్యాల అక్రమ రవాణాపై సమాచారం ఇవ్వడానికి నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరో 2024లో మొదలుపెట్టిన 1933 నంబరును వీటితో కలిపి గందరగోళపడకండి.

ఫోన్ చేయడానికి మనసు ఒప్పకపోతే ప్రభుత్వ జిల్లా ఆసుపత్రికి వెళ్లి ఐసీటీసీ గది ఎక్కడో అడగండి. అది హెచ్‌ఐవీ పరీక్ష, సలహా కేంద్రం. అక్కడి కౌన్సెలర్‌కు జిల్లాలోని టీఐల వివరాలు తెలిసి ఉంటాయి. దగ్గరలో టీఐ లేనివారికి ఐసీటీసీయే మొదటి వాకిలి.

రెండో అడుగు: మొదటిసారి వెళ్లినప్పుడు

డ్రాప్ ఇన్ సెంటర్ అని పిలిచే చోటు సాధారణంగా రెండు మూడు గదుల అద్దె ఇల్లు. కూర్చోవడానికి, స్నానానికి, కాసేపు పడుకోవడానికి వీలుంటుంది. అక్కడ ఔట్‌రీచ్ వర్కర్, కౌన్సెలర్, నర్సుతో పాటు పీర్ ఎడ్యుకేటర్ కూడా ఉంటారు, ఆయన ఒకప్పుడు మీలాగే సూది వాడినవాడు, లేదా ఇప్పటికీ ఆ వలయానికి దగ్గరగా ఉన్నవాడు. వీలైతే మొదటి మాట ఆయనతోనే మాట్లాడండి. మీరు చెప్పే చాలా విషయాలు ఆయనకు వివరించాల్సిన పని ఉండదు.

ఏ మందు, రోజుకు ఎన్నిసార్లు, శరీరంలో ఎక్కడ ఎక్కించుకుంటున్నారు, సూది ఎవరితోనైనా పంచుకున్నారా, పక్కన మద్యం గాని నిద్రమాత్రలు గాని తీసుకుంటున్నారా అని అడుగుతారు. సిగ్గుతో తగ్గించి చెబితే మీకు ఇచ్చే సూదుల లెక్క తప్పుతుంది, రేపు ఇచ్చే మందు మోతాదు కూడా తప్పుతుంది. మీ వివరాలు మూడోవారికి చేరకూడదని అడిగే హక్కు మీకు ఉంది. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి వచ్చింది, మీ సమ్మతి లేకుండా పరీక్ష చేయడాన్ని, కోర్టు ఉత్తర్వు వంటి కొన్ని సందర్భాల్లో తప్ప మీ హెచ్‌ఐవీ స్థితిని బయటపెట్టడాన్ని నిషేధిస్తోంది. అదే చట్టం సూదులు అందించడం, ప్రత్యామ్నాయ మందు ఇవ్వడం వంటి పనులను నేరంగా చూడకూడదని చెబుతోంది. కనుక కేంద్రం నుంచి సిరంజి తీసుకోవడం దొంగచాటు వ్యవహారం కాదు.

మూడో అడుగు: ప్రతిసారీ కొత్త సూది, కొత్త సామగ్రి

ఒక్కసారికి ఒక్క సూది, అదీ మీదే. ఈ నియమం అందరికీ తెలిసినట్టే ఉంటుంది గాని, ఆచరణలో చాలామంది తప్పేది సూది దగ్గర కాదు. మందు కరిగించే గిన్నె లేదా చెంచా, వడకట్టే దూది, నీళ్లు, సిరంజి కడిగిన గ్లాసు, వీటిని నలుగురు కలిసి వాడితే సూది కొత్తదైనా హెపటైటిస్ సి అంటుకుంటుంది. ప్రయోగశాల పరీక్షల్లో ఈ వైరస్ సిరంజి లోపల మిగిలిన రక్తంలో 63 రోజుల వరకు బతికి ఉన్నట్లు తేలింది. నీళ్లతో కడగడం, నిప్పు సెగకు చూపడం వల్ల సూది శుభ్రమైపోదు, బ్లీచింగ్ ద్రావణం కూడా కొత్త సూదికి సాటి రాదు. మీ మనిషి, మీ భార్య, మీ తమ్ముడు అన్న నమ్మకం ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే తన రక్తంలో వైరస్ ఉన్న సంగతి ఏళ్ల తరబడి వారికే తెలియకపోవచ్చు.

కేంద్రంలో సూదులు తీసుకునేటప్పుడు రోజు లెక్కన కాకుండా, తదుపరి రాకవరకు ఎన్నిసార్లు అవసరమో అంతకు నాలుగైదు ఎక్కువే అడగండి. మీతో ఉండే స్నేహితుడు కేంద్రానికి రాలేనివాడైతే ఆయన కోసం కూడా అడగండి. కేంద్రం మూసి ఉన్న రాత్రి సిరంజి కావాల్సి వస్తే మందుల దుకాణంలో కొనుక్కోండి, పాతది మళ్లీ వాడటం కంటే అది ఎంతో మేలు. వాడిన సూదిని మూతతో సహా గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, నిండాక కేంద్రానికి తిరిగి ఇవ్వండి. చెత్తకుప్పలో పడేసిన సూది మరునాడు ఉదయం మున్సిపాలిటీ పారిశుద్ధ్య కార్మికురాలి చేతికి గుచ్చుకుంటుంది.

మెడ నరాలు, గజ్జలు చాలా ప్రమాదకరమైన చోట్లు, వాటి జోలికి పోకండి. గుచ్చే చోటును మారుస్తూ ఉండండి, ముందు చర్మాన్ని సబ్బుతో కడగండి. నోటితో మింగడానికి చేసిన మాత్రలను పొడిచేసి ఎక్కించుకుంటే అందులోని పిండి పదార్థాలు రక్తనాళాలను మూసేస్తాయి. పెంటాజోసిన్ ఇంజక్షన్ విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి: ఈ మందు తిరిగి తిరిగి ఎక్కించిన చోట చర్మం, కండరం చెక్కలా గట్టిపడి, మానని పుండ్లు పడతాయి. నొప్పి తగ్గడానికి వైద్యుడు రాసిన ఇంజక్షన్‌తో మొదలై, తర్వాత తమంతట తామే కొని వేసుకునే స్థితికి చేరినవారికి ఇది బాగా తెలిసిన బాధే. అలాగే జిమ్‌లకు వెళ్లే యువకులు వ్యాయామానికి ముందు మెఫెంటెర్మిన్ అనే ఉత్తేజక ఇంజక్షన్ వేసుకుంటున్న ఉదంతాలు హైదరాబాద్‌లో పలుమార్లు వార్తల్లోకి వచ్చాయి. తమను తాము వ్యసనపరులుగా భావించని ఈ యువకులకు కూడా, సూది పంచుకుంటే వచ్చే ప్రమాదం అక్షరాలా అదే.

నాలుగో అడుగు: పుండ్లు, గడ్డలు

సూది గుచ్చిన చోట ఎర్రబడి, వేడిగా, ఉబ్బుగా ఉంటే దాన్ని పిండకండి, బ్లేడుతో కోయకండి. టీఐ నర్సు చేత కట్టు కట్టించుకోండి, ఆ చేతికి లేదా కాలికి విశ్రాంతి ఇవ్వండి. చలితో జ్వరం, గడ్డ నుంచి పైకి పాకుతున్న ఎర్రని చార, ఆయాసం, ఛాతీనొప్పి, సూది వేసిన వెంటనే వేళ్లు చల్లబడి నీలంగా మారడం, వీటిలో ఏది కనిపించినా కేంద్రం దాకా ఆగకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. ఇన్‌ఫెక్షన్ గుండె కవాటాలకు చేరితే ప్రాణాపాయం. ధనుర్వాతం టీకా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితం.

ఐదో అడుగు: పరీక్షలు, చికిత్స

హెచ్‌ఐవీ పరీక్ష ఆరు నెలలకోసారి చేయించుకోండి. పాజిటివ్ వస్తే హెచ్‌ఐవీ చికిత్స ఇచ్చే ఏఆర్‌టీ కేంద్రంలో మందులు వెంటనే, ఉచితంగా మొదలవుతాయి. 2017 నుంచి రోగనిరోధక కణాల (సీడీ4) లెక్క తగ్గేదాకా వేచి ఉండే పద్ధతి లేదు. రోజూ మందు వాడి రక్తంలో వైరస్ లెక్కకు అందనంతగా తగ్గినవారి నుంచి లైంగిక సంబంధం ద్వారా హెచ్‌ఐవీ సోకదు. అయితే సూది పంచుకోవడానికి ఈ హామీ వర్తించదు. నిన్న గాని మొన్న గాని ఇతరుల సూది వాడి భయపడుతుంటే 72 గంటల్లోగా, వీలైతే మొదటి గంటల్లోనే, ఏఆర్‌టీ కేంద్రానికి లేదా ప్రభుత్వ ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లి 28 రోజుల నివారణ మందుల గురించి అడగండి.

హెపటైటిస్ సి విషయంలో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది, పూర్తిగా నయమయ్యే జబ్బుతో మనుషులు కాలేయం చెడగొట్టుకోవడం. 2018 జులై 28న ప్రారంభమైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్ష, మందులు రెండూ ఉచితం. ముందు యాంటీబాడీ పరీక్ష చేస్తారు. అందులో పాజిటివ్ రావడం అంటే వైరస్ ఇప్పుడు ఉన్నట్లు కాదు, కొందరిలో అది తనంతట తానే పోతుంది. కాబట్టి రెండోదైన ఆర్‌ఎన్‌ఏ పరీక్ష తప్పనిసరిగా చేయించుకోండి. అది కూడా పాజిటివ్ అయితే, కాలేయం గట్టిపడనివారికి సాధారణంగా 12 వారాలు రోజూ వేసుకునే మాత్రలు ఇస్తారు, నూటికి తొంభై మందికి పైగా నయమవుతుంది. "నువ్వింకా సూది వాడుతున్నావు కాబట్టి మందు ఇవ్వం" అని ఎవరైనా అంటే ఆ మాటకు వైద్యపరమైన ఆధారం లేదు, టీఐ కౌన్సెలర్‌ను వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లండి. నయమైన తర్వాత సూది పంచుకుంటే మళ్లీ సోకుతుందని కూడా గుర్తుంచుకోండి. హెపటైటిస్ బికి టీకా ఉంది, అడిగి వేయించుకోండి. రెండు వారాలకు మించిన దగ్గు ఉంటే క్షయ పరీక్ష కూడా చేయించుకోవాలి.

ఆరో అడుగు: ఓఎస్‌టీ, అంటే ప్రత్యామ్నాయ మందు

హెరాయిన్, పెంటాజోసిన్, ట్రమడాల్, బ్యుప్రెనార్ఫిన్ ఇంజక్షన్ వంటి నల్లమందు జాతి మత్తుమందులకు అలవాటుపడినవారికే ఈ చికిత్స వర్తిస్తుంది. మెఫెంటెర్మిన్ వంటి ఉత్తేజకాలకు ఇది పనిచేయదు. ప్రభుత్వ ఓఎస్‌టీ కేంద్రాల్లో నాలుక కింద పెట్టుకునే బ్యుప్రెనార్ఫిన్ మాత్ర ఎక్కువగా ఇస్తారు, కొన్నిచోట్ల తాగే మెథడోన్ ఉంటుంది. ఈ రెండు మందులనూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది.

మొదటి మోతాదుకు వెళ్లే రోజు ఒక జాగ్రత్త అన్నిటికంటే ముఖ్యం. హెరాయిన్ వంటి తక్కువసేపు పనిచేసే మందు చివరిసారి తీసుకుని కనీసం 12 గంటలు గడవాలి, కళ్ల నుంచి ముక్కు నుంచి నీరు కారడం, ఆవలింతలు, ఒళ్లు నొప్పులు, రోమాలు నిక్కబొడుచుకోవడం మొదలై ఉండాలి. అంతకుముందే బ్యుప్రెనార్ఫిన్ మాత్ర పెట్టుకుంటే, అది ఒంట్లో ఉన్న మత్తుమందును ఒక్కసారిగా తోసేసి, మీరు ఎన్నడూ చూడనంత తీవ్రమైన బాధలు తెస్తుంది. అలా జరిగినవారే "ఆ మాత్ర నాకు పడలేదు" అని మళ్లీ రాకుండా పోతారు, నిజానికి పడనిది మాత్ర కాదు, వేసుకున్న సమయం. మెథడోన్ తీసుకుంటున్నవారు ఇంకా ఎక్కువసేపు ఆగాలి, ఆ లెక్క వైద్యుడే చెప్పాలి.

నర్సు మాత్రను పొడిచేసి మీ నాలుక కింద వేస్తుంది. అది పూర్తిగా కరిగేదాకా ఐదు నుంచి పది నిమిషాలు మాట్లాడకుండా, నీళ్లు తాగకుండా, మింగకుండా కూర్చోవాలి. మింగిన మందు కడుపులోకి పోయి చాలావరకు వృథా అవుతుంది. మొదటి రోజు తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, బాధలు, తహతహ తగ్గేదాకా కొద్దిరోజుల్లో పెంచుతారు. సాయంత్రానికే బాధలు మొదలవుతుంటే మోతాదు చాలడం లేదని అర్థం, బయట కొనుక్కోకుండా వైద్యుడికి చెప్పి పెంచించుకోండి. ఇంటి దగ్గర మలబద్ధకం, చెమటలు ఉండవచ్చు, వాటికీ ఉపాయాలు ఉన్నాయి, అడగండి.

"ఒక మత్తు వదిలి ఇంకో మత్తు పట్టుకున్నాడు" అని ఇంట్లోవాళ్లు అంటారు. మధుమేహం ఉన్నవారు ఇన్సులిన్ వాడినట్టే, ఈ మందు మెదడులో తప్పిన సమతూకాన్ని నిలబెట్టి, మీరు ఉద్యోగానికి, ఇంటికి, నిద్రకు తిరిగి రావడానికి వ్యవధి ఇస్తుంది. నెలకో రెండు నెలలకో ఆపేస్తే మళ్లీ సూదికి పోయేవారే ఎక్కువ. కనీసం ఏడాదైనా కొనసాగించి, ఆపాలనుకున్నప్పుడు వైద్యుడితో కలిసి నెమ్మదిగా తగ్గించుకోవాలి. రోజూ కేంద్రానికి రావడం కూలిపని చేసేవారికి నిజంగా భారమే కనుక, మీ పని వేళలు, ఇంటికి మందు ఇచ్చే వీలు గురించి మొదటి వారంలోనే మాట్లాడండి. గర్భిణులు మాత్రం నల్లమందు జాతి మందును అకస్మాత్తుగా ఆపకూడదు, అది కడుపులో బిడ్డకు ప్రమాదం. ఓఎస్‌టీ గర్భిణులకు కూడా ఇవ్వవచ్చు, స్త్రీ వైద్య నిపుణురాలికి ఈ సంగతి తప్పక తెలియజేయాలి.

ఏడో అడుగు: మోతాదు మించినప్పుడు

ఈ భాగాన్ని మీ గదిలో ఉండేవారికి, ఇంట్లోవారికి కూడా చదివి వినిపించండి, ఎందుకంటే మోతాదు మించినవారు తమను తాము కాపాడుకోలేరు. పిలిచినా, ఛాతీ ఎముకపై పిడికిలితో గట్టిగా రుద్దినా కదలకపోవడం, శ్వాస నిమిషానికి పన్నెండు కంటే తక్కువగా, గురకలా ఉండటం, పెదవులు గోళ్లు నీలంగా మారడం, కంటిపాప సూదిమొనంత కుంచించుకుపోవడం దీని గుర్తులు.

ముందు 108కి ఫోన్ చేసి "మనిషి స్పృహలో లేడు, శ్వాస ఆడటం లేదు" అని, చిరునామా చెప్పండి. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వంచి, ముక్కు మూసి, ప్రతి ఐదు సెకన్లకు ఒకసారి నోటితో ఊపిరి ఇవ్వండి. నాడి అందకపోతే ఛాతీ మధ్య బలంగా, వేగంగా నొక్కడం మొదలుపెట్టండి. నాలోక్సోన్ అనే విరుగుడు మందు దగ్గర ఉండి, దాన్ని ఎలా వాడాలో నేర్చుకుని ఉంటే, తొడ కండరంలోకి 0.4 మిల్లీగ్రాములు ఇవ్వవచ్చు. రెండు మూడు నిమిషాల్లో శ్వాస పెరగకపోతే మళ్లీ ఇవ్వాలి. దీని పని 30 నుంచి 90 నిమిషాల్లో అయిపోయి, ఒంట్లో మిగిలిన మత్తుమందు మళ్లీ ముంచేయవచ్చు కనుక, లేచి కూర్చున్నా సరే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. శ్వాస బాగుండి స్పృహ మాత్రమే లేకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, వాంతి గొంతులోకి పోకుండా ఉంటుంది. ఉప్పునీళ్లు ఎక్కించడం, పాలు పోయడం, చన్నీళ్లు కుమ్మరించడం, చేతులు పట్టి నడిపించడం వల్ల విలువైన నిమిషాలు పోతాయి. ఆసుపత్రిలో ఏం తీసుకున్నాడో దాచకండి.

ఎక్కువ మరణాలు మద్యం గాని, అల్‌ప్రజొలామ్, డయాజెపామ్ వంటి నిద్రమాత్రలు గాని కలిపి తీసుకున్నప్పుడు, ఒంటరిగా తలుపు గడియ వేసుకున్నప్పుడు జరుగుతాయి. కాబట్టి ఒంటరిగా ఉండకండి, ఉండక తప్పకపోతే గడియ వేయకండి.

అమెరికాలో, ఆస్ట్రేలియాలో చదువుకునే తెలుగు విద్యార్థులకు నాలోక్సోన్ మన దగ్గర కంటే తేలికగా దొరుకుతుంది. అమెరికాలో 2023 నుంచి నాలోక్సోన్ ముక్కు స్ప్రేను చీటీ లేకుండా కొనవచ్చు, ఆస్ట్రేలియాలో 2022 జులై నుంచి ఉచితంగా ఇస్తున్నారు. ఫెంటానిల్ అనే చాలా శక్తిమంతమైన నల్లమందు జాతి మందు కలిసిన నకిలీ మాత్రలు అక్కడ తిరుగుతున్నందున, తాము వాడకపోయినా, రూమ్‌మేట్లతో ఉండేవారు ఒక స్ప్రే దగ్గర ఉంచుకోవడం మంచిది.

చట్టం, ఇల్లు

1985 నాటి మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం (ఎన్‌డీపీఎస్) 27వ సెక్షన్ కింద మత్తుమందు వాడకమే నేరం. కానీ 64ఏ సెక్షన్ ప్రకారం, వాడకం లేదా చిన్న పరిమాణం కేసులో ఉన్న వ్యసనపరుడు ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన సంస్థలో స్వచ్ఛందంగా చికిత్స పూర్తిచేస్తే విచారణ నుంచి రక్షణ పొందవచ్చు, మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. అమ్మకానికి ఇది వర్తించదు. కేసు నమోదైతే మొదటి రోజే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ న్యాయవాదికి మీ చికిత్స కాగితాలు చూపండి.

ఇంట్లోవారు అబ్బాయిని తాళ్లతో కట్టి ఏదో ఒక రీహాబ్‌కు పంపాలనుకునే ముందు రెండు సంగతులు తెలుసుకోవాలి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో కట్టడాన్ని పూర్తిగా నిషేధిస్తోంది. బలవంతంగా కొన్ని వారాలు మందు మాన్పించి ఇంటికి పంపితే, ఒంటికి తట్టుకునే శక్తి తగ్గిపోయి, మొదటి రోజు వేసుకున్న పాత మోతాదే ప్రాణం తీస్తుంది. హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నం ప్రభుత్వ మానసిక వైద్యశాల వంటి చోట్ల వైద్యుల పర్యవేక్షణలో చికిత్స దొరుకుతుంది.

జైలు నుంచి, ఆసుపత్రి నుంచి, రీహాబ్ నుంచి బయటికి వచ్చిన మొదటి రెండు వారాలు మీకు అన్నిటికంటే ప్రమాదకరమైనవి, ఆ వారాల్లోనే టీఐకి, ఓఎస్‌టీ కేంద్రానికి వెళ్లి కనిపించండి. మళ్లీ సూది పట్టుకున్నా ఆ రోజే వెళ్లండి. ఓఎస్‌టీ మోతాదులు కొన్ని రోజులు తప్పి ఉంటే ఎన్ని రోజులో, మధ్యలో ఏం తీసుకున్నారో, ఎప్పుడు తీసుకున్నారో నర్సుకు ఉన్నదున్నట్టు చెప్పండి. పాత మోతాదు ఒక్కసారిగా ఇవ్వకుండా, తక్కువ నుంచి మళ్లీ మొదలుపెట్టడానికి ఆ లెక్క ఆమెకు కావాలి.